ఆపరేషన్ అయ్యాక మర్దన చేయించుకోవచ్చా? విశాఖ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి చేరిన మర్నాడే చుట్టాల్లో ఎవరో ఒకరు నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి పట్టుకొస్తారు. తప్పు పట్టలేం, మన దగ్గర ప్రేమ చూపించే పద్ధతే అది. నేను విశాఖలో ఫిజియోథెరపిస్టుని. రామ్‌నగర్, మహారాణిపేట వైపు ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకుని మధురవాడలోనో, గాజువాకలోనో ఇంటికి చేరిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి వ్యాయామాలు చేయించడం నా పని. ఆ ఇళ్ళలో నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. మీకు ఏ ఆపరేషన్ అయిందో, షుగరో బీపీయో ఇంకేమున్నాయో నాకు తెలియదు. కాబట్టి ఇక్కడ చదివింది మీ సర్జన్‌ని ఒక మాట అడిగాకే చేయండి.

అసలు మర్దనతో ఆపరేషన్ నొప్పి తగ్గుతుందా? లేక మన భ్రమా?

తగ్గుతుంది, కానీ కొంతే. దీని మీద నాకు బాగా నచ్చిన పరిశోధన 2007లో అచ్చయింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఛాతీకో, పొట్టకో పెద్ద ఆపరేషన్ అయిన 605 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యమే. రెండో గుంపులో ఒక్కొక్కరి దగ్గర ఒక మనిషి 20 నిమిషాలు తోడుగా ఉన్నారు, అంతే. మూడో గుంపుకి రోజూ సాయంత్రం 20 నిమిషాలు వీపు మర్దన చేశారు, ఐదు రోజుల దాకా. మర్దన చేయించుకున్న వాళ్ళకి అప్పటికప్పుడు నొప్పి, ఆందోళన తగ్గాయి. మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్ళకంటే వీళ్ళకి మొదటి నాలుగు రోజుల్లో నొప్పి త్వరగా దిగింది. అయితే ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం తగ్గలేదు, నొప్పి మందుల వాడకమూ తగ్గలేదు.

ఇందులో మన వాళ్ళు గమనించని సంగతి ఒకటుంది. కోత ఛాతీ మీదో పొట్ట మీదో ఉంది, మర్దన చేసింది వీపుకి. మన ఇళ్ళలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఎక్కడ నొప్పి ఉంటే అక్కడే పిసకాలని ఆత్రం. బెణికిన చోట, పట్టేసిన మెడ దగ్గర అది పనికొస్తుందేమో గానీ ఆపరేషన్ తర్వాత పనికిరాదు. నొప్పి లేని చోట మర్దన చేస్తేనే నొప్పి ఉన్న చోటికి కాస్త ఉపశమనం.

నొప్పి లేని చోట రుద్దితే నొప్పి ఎలా తగ్గుతుంది? వినడానికే విడ్డూరంగా ఉంది.

రెండు మూడు దారులున్నాయి. మంచం కోడు తగిలితే గబుక్కున అక్కడ చేత్తో రుద్దుకుంటాం కదా, ఎవరూ నేర్పకుండానే. స్పర్శ కబురూ, నొప్పి కబురూ వెన్నుపాములో ఒకే గుమ్మం దాటి మెదడుకి వెళ్ళాలి, స్పర్శ ఎక్కువైతే నొప్పికి ఆ తలుపు కొంత మూసుకుంటుంది అని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పారు. వివరాల్లో తర్వాత మార్పులు వచ్చినా అసలు మాట నిలబడింది. ఇక రెండోది, భయం. భయంగా ఉన్నవాళ్ళకి అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. ఒంటి మీద ఒక చేయి నెమ్మదిగా కదులుతుంటే ఊపిరి నిదానిస్తుంది, బిగుసుకున్న ఒళ్ళు వదులవుతుంది.

మూడోది నేను రోజూ చూసేది. పేషెంటు "ఆపరేషన్ నొప్పి" అనేదంతా కోత నొప్పి కాదు. నేను వెళ్ళగానే అడిగే మొదటి ప్రశ్న: పోటా, సలుపా, మంటా, లాగుతోందా, పట్టేసిందా? కోత దగ్గర పోటు, మంట ఉంటాయి. మెడ, నడుము, భుజాల్లో మాత్రం "పట్టేసింది" అంటారు. నాలుగు రోజులు వెల్లకిలా కదలకుండా పడుకుని, కుట్లు ఊడతాయేమోనని దగ్గు కూడా బిగబట్టిన ఒంటికి అది రాక మానదు. ఈ రెండో రకానికి మర్దన చక్కగా పనిచేస్తుంది.

మా అమ్మకి మోకాలి చిప్ప మార్చారు. పిక్కలు రాయిలా ఉన్నాయి, గట్టిగా పట్టమని మా అమ్మ గోల పెడుతోంది. పట్టొచ్చా?

వద్దు. ఈ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్ల తర్వాత కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. మొదటి కొన్ని వారాలు మరీ ఎక్కువ, మూడు నెలల దాకా ఎంతో కొంత ఉంటుంది. అందుకే రక్తం పలచబడే మందు ఇచ్చి పంపుతారు. గడ్డ ఉన్న పిక్కని పిసికితే అది ఊడి రక్తంతో పాటు పైకి వెళ్ళి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. ప్రాణం మీదికి వచ్చే సంగతి. చిక్కేమిటంటే, గడ్డ కట్టిన పిక్క కూడా పట్టేసినట్టే ఉంటుంది. పేషెంటే "కాస్త పట్టమ్మా" అని అడుగుతారు.

రెండు కాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పిక్క రెండోదాని కంటే బాగా లావెక్కిందా, వేడిగా ఉందా, ఎర్రబడిందా, ముట్టుకుంటే నొప్పిగా ఉందా? ఉంటే ఆ కాలు ముట్టుకోకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి. డాప్లర్ స్కాన్ చేస్తే తెలిసిపోతుంది. దానికి తోడు ఆయాసం గానీ, ఊపిరి తీస్తుంటే ఛాతీలో పోటు గానీ, దగ్గులో రక్తం గానీ కనిపిస్తే స్కాన్ దాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక అమ్మగారికి ఏం చేసి పెట్టాలి? పడుకుని పాదాన్ని ముందుకీ వెనక్కీ ఊపమనండి, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పది పదిహేను సార్లు. పిక్క కండరం తనే పంపులా రక్తాన్ని పైకి తోస్తుంది, మీరు పట్టనక్కర్లేదు. మోకాలి వాపుకి ఐసుని తువ్వాల్లో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. కొత్త మోకాలు కొన్ని నెలల దాకా చేతికి వెచ్చగా తగలడం మామూలే, అందుకు టెన్షన్ అక్కర్లేదు. గాయం మానాక మోకాలి చిప్పని పక్కలకి మెల్లగా కదిలించడం మీ ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. అప్పటిదాకా ఆవిడకి భుజాలు పట్టండి, చేతులు పట్టండి. వాకర్ మీద బరువంతా వేసి నడిచిన చేతులవి, నిజంగా నొప్పి పుడతాయి.

కోత మీద ఎప్పటినుంచి నూనె రాయొచ్చు?

కుట్లు తీశాక అని చాలామంది అనుకుంటారు. కుట్లు తీసేది సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య. కానీ కుట్లు తీసినంత మాత్రాన లోపల అతికినట్టు కాదు. మూడు వారాలప్పుడు మచ్చకి మామూలు చర్మానికి ఉండే బలంలో మూడో వంతు కూడా ఉండదు. మూడు నెలలకి దాదాపు 80 శాతం వస్తుంది, మునుపటి బలం పూర్తిగా ఎప్పటికీ రాదు. కాబట్టి తొందర వద్దు. గాయం పూర్తిగా మూసుకోవాలి, పక్కు రాలిపోవాలి, ఎక్కడా తడి, రసి ఉండకూడదు. చాలామందికి ఇది రెండు మూడు వారాలు దాటాకే అవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా ఆలస్యం. అప్పుడు సర్జన్‌ని అడిగి మొదలుపెట్టండి.

మచ్చ మర్దన నిజానికి మంచిది. అది లేకపోతే కొన్ని మచ్చలు కింది పొరలకి అతుక్కుని, వంగినప్పుడల్లా లాగుతుంటాయి. చేతులు కడుక్కుని, వేలి కొసలతో కాక వేలి మెత్తతో, మచ్చ మీద వేలు ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. వేలు చర్మం మీద జారకూడదు, చర్మమే వేలితో పాటు కదలాలి. తర్వాత నిలువుగా, అడ్డంగా. ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు. కాస్త లాగినట్టుండాలి, నొప్పి పుట్టకూడదు. మచ్చ ఏడాది దాకా మారుతూనే ఉంటుంది కాబట్టి ఒక్క వారానికే ఫలితం లేదని మానేయకండి.

ఏ నూనె? మామూలు కొబ్బరి నూనె చాలు, వాసన లేని మాయిశ్చరైజర్ అయినా సరే. పసుపు, ఆకుపసరు, ఇంకేదో పొడి మాత్రం మానని గాయం మీద వేయొద్దు. మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే కదా. మేలో చెమటా నూనే కలిసి మడతల్లో నిలిస్తే గాయం మెత్తబడి చీము పడుతుంది. రాసిన పావుగంటకి మెత్తని గుడ్డతో అద్దేయండి. మచ్చ ఉబ్బి, దురద పెడుతూ, గాయం హద్దు దాటి పెరుగుతుంటే అది కెలాయిడ్ కావచ్చు. దాన్ని రుద్ది అణచలేం, చర్మ డాక్టరుకి చూపించాలి.

సిజేరియన్ అయింది. బాలింతకి నూనె రాసి నలుగు పెట్టే ఆవిడ వస్తానంటోంది. రమ్మనాలా?

రమ్మనండి, కానీ ఏం చేయొచ్చో ముందే చెప్పండి. ఆవిడకి తెలిసింది మామూలు కాన్పుల పద్ధతి. చేతులు, భుజాలు, వీపు, నడుము, పాదాలు నిక్షేపంగా రాయొచ్చు. పాలిచ్చే తల్లికి వంగి వంగి మెడ, రెక్కలు పట్టేస్తాయి, అక్కడ రాస్తే ఎంతో హాయి. పొట్ట మాత్రం ముట్టుకోకూడదు. గర్భసంచి లోపలికి వెళ్ళాలని పొట్ట అదిమే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. అది దాదాపు ఆరు వారాల్లో తనంతట తనే కుంచించుకుంటుంది, ఎవరూ తొయ్యక్కర్లేదు. కాన్పు తర్వాత ఆ ఆరు వారాలూ గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఎక్కువే కాబట్టి పిక్కల విషయంలో పైన చెప్పిందే ఇక్కడా.

సున్నిపిండి కోతలోకి వెళ్ళకూడదు. మరిగే నీళ్ళు పొట్ట మీద గుమ్మరించకూడదు. పీట మీద గొంతుక్కూర్చోబెట్టకండి, ప్లాస్టిక్ కుర్చీ వేయండి. స్నానం అయ్యాక పొట్ట మడత ఎత్తి, కోతని పొడిగా అద్దండి. ఇంత చెప్తే నలుగు పెట్టే ఆవిడకి కోపం వస్తుందని ఒక అత్తగారు జంకారు. నేనే ఆవిడతో మాట్లాడాను. "అలాగా, నాకెవులూ సెప్నేదు" అంది, అంతే. తర్వాత ఆ వీధిలో సిజేరియన్ అయిన ఇంటికల్లా ఆవిడే ఈ సంగతి చెప్తోందట.

కూర్చుంటే తల పగిలిపోయి, పడుకోగానే తగ్గుతోందా? వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్ల అలా రావచ్చు. తలకి నూనె అంటి కూర్చోకండి, ఆసుపత్రికి ఫోన్ చేయండి.

గాల్‌బ్లాడర్ లాప్రోస్కోపీలో తీశారు. కోత పొట్టకైతే భుజం నొప్పి ఎందుకు? పట్టితే పోతుందా?

ఆపరేషన్ కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మిగిలిన గ్యాసు ఉదరవితానాన్ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరని చికాకు పెడితే, దాని నరం దారిలో భుజం దగ్గర నొప్పి తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. భుజం పట్టితే హాయే గానీ లోపలి గ్యాసు కదలదు. లేచి వరండాలో నాలుగు అడుగులు వేయడం దానికంటే మేలు.

చెయ్యి విరిగి ప్లేటు వేశారు. వేళ్ళు బిగుసుకుపోయాయి, కట్టు కట్టే ఆయన దగ్గర నూనెతో తోమించమంటున్నారు.

పుత్తూరు కట్టు అని బోర్డు లేని పేట మన ఊళ్ళో ఉందో లేదో. ఆ విద్య గొప్పా కాదా అన్న వాదనలోకి నేను వెళ్ళను. ప్లేట్లు, స్క్రూలు వేసిన చోట తోమడం మాత్రం ఎవరు చేసినా తప్పే. ముఖ్యంగా మోచేయి. మోచేయి చుట్టూ దెబ్బ తిన్న కండరాన్ని గట్టిగా తోమినా, బలవంతంగా వంచినా ఆ కండరంలోనే ఎముక పెరగడం మొదలవుతుంది. దీన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. ఒకసారి అలా అయితే చెయ్యి ఎటూ వంగకుండా గట్టిపడిపోతుంది. ఎముకల డాక్టర్లు మోచేతికి మర్దన అంటే ఉలిక్కిపడేది ఇందుకే. తోమించుకుని ఆరు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చిన ఒక పదిహేనేళ్ళ కుర్రాడి చెయ్యి నోటి దాకా వెళ్ళేది కాదు, అన్నం ఎడమ చేత్తో తింటున్నాడు. వేళ్ళ బిగుతు పోవాలంటే ఎవరి వేళ్ళు వాళ్ళే ముడిచి తెరవాలి, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు, రోజంతా కొద్దికొద్దిగా. చెయ్యి గుండె కంటే ఎత్తున దిండు మీద పెట్టుకుంటే వాపు దిగుతుంది.

నాన్నగారికి బైపాస్ అయింది. వీపు పట్టమంటారు.

పట్టండి, కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఒక దిండు ఆనించుకోమని. బోర్లా పడుకోబెట్టొద్దు. కోసిన రొమ్ము ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చేతులు పట్టి లాగడం, రెక్కలు వెనక్కి విరవడం చేయొద్దు. బైపాస్ కోసం సిర తీసిన కాలికి వాపు వస్తుంది, అక్కడా మర్దన వద్దు, కాలు ఎత్తున పెట్టండి. రక్తం పలచబడే మందులు వేసుకుంటారు కాబట్టి గట్టిగా నొక్కితే కమిలి నల్లబడుతుంది. అరచేతితో నెమ్మదిగా రాస్తే చాలు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచింది. మర్దన చేస్తే దిగుతుందా?

దిగుతుంది, కానీ ఇంటి మర్దనతో కాదు. చంకలో గ్రంథులు తీసేస్తే లింఫ్ ద్రవం వెళ్ళే దారి మూసుకుని చెయ్యి వాస్తుంది. దానికి చేసే లింఫ్ మర్దన ఈక తగిలినంత తేలిక, కింది చర్మాన్ని లాగీ లాగనట్టు, ముందు మెడ దగ్గర చేసి, ఆ తర్వాతే చెయ్యి దగ్గరికి రావాలి. పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, మీకు ఆపరేషన్ చేసిన చోటో ఈ వాపుకి (లింఫెడీమా అంటారు) శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు ఎవరో అడిగి, వాపుకి వేసుకునే బిగుతు చేతి తొడుగు కొలతతో పాటు ఇదీ నేర్చుకోండి. ఆ చేతికి బీపీ చూడటం, సూదులు వేయడం గురించి కూడా అదే రోజు అడిగేయండి.

శుక్లాల ఆపరేషన్ అయిన తాతయ్యకి తలంటొచ్చా?

కంటి డాక్టరు సరేననే దాకా వద్దు. తల, నుదురు, కణతలు పిసకొద్దు. పాదాలు పట్టండి.

ఇంట్లో మేమే చేస్తే ఎలా చేయాలి?

చేతులూ పాదాలూ మించిన చోటు లేదు. బట్టలు విప్పక్కర్లేదు, పేషెంటు పక్కకి తిరగక్కర్లేదు, కుట్లకి దూరం. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డులో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న వాళ్ళు కూడా చేయొచ్చు, ఎలాగూ రాత్రంతా ఖాళీగానే కూర్చుంటారు కదా. సూది గుచ్చి ఉన్న చెయ్యి వదిలేయండి.

నొప్పి మాత్ర వేశాక అరగంట ఆగండి, అది పనిచేయడం మొదలెడుతుంది. మీ చేతులు వెచ్చగా ఉండాలి, గోళ్ళు కత్తిరించి, ఉంగరాలు తీసి. రెండు చుక్కల నూనె చాలు. మొదట అరచేతిని మీ రెండు చేతుల మధ్య ఊరికే పట్టుకోండి, ఒక నిమిషం. తర్వాత మీ బొటనవేళ్ళతో అరచేయి మధ్య నుంచి అంచులకి రాయండి. ఒక్కో వేలు మొదలు నుంచి కొస దాకా. మెటికలు విరవకండి. ఒక్కో చేతికి ఐదు నిమిషాలు, ఒక్కో పాదానికి ఐదు నిమిషాలు, మొత్తం 20. పాదం దగ్గర చీలమండ దాటి పైకి వెళ్ళొద్దు. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గిన వాళ్ళకి ఎంత నొక్కుతున్నామో తెలియదు కాబట్టి ఇంకా తేలిగ్గా, పుండ్లు ఉన్నాయేమో చూసి చేయండి. టీవీ సీరియల్ చూస్తూ చేసేది మర్దన కాదు, మొక్కుబడి పని. ఫోను పక్కన పడేసి, ఊపిరితో పాటు చెయ్యి కదిలించండి.

రాత్రి పడుకునే ముందు చేస్తే అన్నిటికంటే మంచిది. కోత నొప్పి రాత్రిపూట పెద్దదవుతుంది, చుట్టూ సందడి అణిగాక.

బామ్ రాసి వేడి కాపడం పెట్టొచ్చా?

కోతకి దూరంగా, పట్టేసిన మెడకో భుజానికో బామ్ ఒకటే గానీ, కాపడం ఒకటే గానీ. రెండూ కలిపితే చర్మం కాలుతుంది. తిమ్మిరి ఇంకా వదలని చోట వేడి అసలే వద్దు.

మసాజ్ సెంటర్‌కి ఎప్పుడు వెళ్ళొచ్చు? ఆయుర్వేద అభ్యంగనం సంగతి?

చిన్న ఆపరేషన్ అయితే ఆరు వారాలు, ఎముకలూ గుండే వెన్నూ అయితే సర్జన్ చెప్పినంత కాలం. బల్ల మీద బోర్లా పడుకోగలగాలి, మానని గాయం ఉండకూడదు, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అన్నది చెప్పాలి. ఎంవీపీ కాలనీలో అయినా సిరిపురంలో అయినా, ఆపరేషన్ సంగతి చెప్పగానే ఎక్కడ, ఎప్పుడు, ఏ మందులు అని ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళ దగ్గర చేయించుకోండి. "ఏం పర్లేదు మేడమ్" అనేసే వాళ్ళ దగ్గర వద్దు. ఆవిరి పెట్టె, పొట్ట మర్దన, లోతుగా నొక్కే మర్దన చివరికి వాయిదా వేయండి. ఆయుర్వేద వైద్యులకి డిశ్చార్జి కాగితం చూపించండి, అది లేకుండా వాళ్ళు మాత్రం ఏం చెప్పగలరు?

మర్దన బాగా పనిచేస్తోంది. నొప్పి మాత్రలు మానేయొచ్చా?

మీ అంతట మీరు మానొద్దు. మొదటి రోజుల్లో నొప్పి అణిగి ఉంటేనే లేచి నడుస్తారు, గట్టిగా ఊపిరి తీస్తారు, దగ్గి కఫం తీస్తారు. అవి జరగకపోతే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాళ్ళలో గడ్డలు. మాత్రలు ఎలా తగ్గించాలో డాక్టరునే అడగండి.

ఏం కనిపిస్తే వెంటనే ఆపేయాలి?

పిక్క సంగతి పైన చెప్పాను. అది కాక, కోత చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము, చెడు వాసన వచ్చినా, కుట్ల మధ్య సందు కనిపించినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం ఉన్నా మర్దన ఆపి ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి. రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి ఒక్కసారి పెరిగితే అది కూడా చూపించాల్సిందే.

మా మామగారు ఒంటి మీద చెయ్యి వేయనివ్వరు. ఎలా ఒప్పించాలి?

ఒప్పించకండి. కొందరికి ముట్టుకుంటేనే చికాకు, ఇంకొందరికి కోడలి చేత కాళ్ళు పట్టించుకోవడం నామోషీ. బిగబట్టుకుని చేయించుకునే మర్దనతో ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. హెర్నియా ఆపరేషన్ అయిన ఒక రిటైర్డ్ స్టీల్ ప్లాంట్ ఉద్యోగి నన్ను కూడా భుజం తాకనివ్వలేదు. డాక్టరు నడవమన్నాక వాళ్ళబ్బాయి పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళేవాడు, మెల్లగా నడిచి గట్టు మీద కూర్చునేవారు. పదో రోజున ఆయనే ఫోన్ చేసి, "మెడ ఒకటే పట్టేసిందమ్మా, అది మాత్రం చూస్తావా" అన్నారు.